చెట్లు అడ్డురాని అడవులు

అడవి అంటే చెట్లుండాలన్న మూఢనమ్మకం మన పర్యావరణ ప్రేమికుల్లో ఇంకా పోలేదు. ఇంగ్లిషు, జర్మన్, డేనిష్, ఐస్‌లాండిక్ లాంటి జర్మానిక్ భాషలవాళ్ళు ఈ చాదస్తం నుంచి ఎప్పుడో బయటపడ్డారు.

అడవికి వాళ్ళ ప్రాచీన మాట ‘వాల్థుజ్’ సంగతి చూడండి. జర్మనీలో అది ‘వాల్డ్’ అయి, బుద్ధిగా చెట్ల మధ్యే ఉండిపోయింది. ఇంగ్లండులో ‘వోల్డ్’ అయి, చెట్లు వదిలించుకున్న ఎత్తు నేల అయింది. ఇప్పుడు కాట్స్‌వోల్డ్స్ కొండలు గొర్రెల మేతకు ప్రసిద్ధి. ఐస్‌లాండ్‌లోనైతే ఏకంగా మైదానమైపోయింది. అక్కడ విమానాశ్రయాన్ని పిలిచే మాటలో సగం ఇదే! విమానాశ్రయం కోసం అడవి నరకడానికి మనకు యంత్రాలు, అనుమతులు, కోర్టు కేసులు కావాలి. వాళ్ళు నిఘంటువులోనే పని కానిచ్చారు.

‘హోల్ట్’ది మరీ విచిత్రం. ఇంగ్లిషులో తోపు, జర్మన్‌లో ‘హోల్ట్స్’ అయి కలప, ఐస్‌లాండ్‌లో రాళ్ళ గుట్ట. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనం వెటకారంగా అంటాం, వాళ్ళకది వ్యుత్పత్తి శాస్త్రం. స్కాండినేవియా ప్రాచీన భాష పాత నార్స్‌లో అడవి అయిన ‘మార్క్’ డేనిష్‌లో పొలం, జర్మన్‌లో సరిహద్దు. అడవి, పొలం, హద్దు ఒకే మాటలో ఇమిడాయంటే మన రెవెన్యూ శాఖ చేతులు జోడించాలి.

వీటన్నిటినీ మించినది ‘ఫారెస్ట్’. ఇది అసలు జర్మానిక్ మాటే కాదు. లాటిన్‌లో ‘బయట’ అనే మాట నుంచి పుట్టిందని ఎక్కువమంది పండితులంటారు. ఒకప్పుడు ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలనేలిన ఫ్రాంక్ రాజుల పత్రాల్లో దానర్థం రాజుగారి వేటకు కేటాయించిన నేల, అంటే జనం బయట అన్నమాట. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్లు దాన్ని ఇంగ్లండుకు మోసుకొచ్చారు. నైరుతి ఇంగ్లండులోని డార్ట్‌మూర్‌లో మైళ్ళ కొద్దీ బీడే అయినా ఫారెస్టే. చెట్టు లేకపోయినా ఫరవాలేదు, రాజుండాలి. ఆయన జింకను కొట్టినవాడి ప్రాణానికి, కాళ్ళూచేతులకు పూచీ దొరికింది 1217 నాటి ఫారెస్ట్ చార్టర్ అనే రాజపత్రంతో.

ఆ మాటే ఓడెక్కి మన దాకా వచ్చింది. 1882 మద్రాసు ఫారెస్టు చట్టంతో మన్యంలో పోడు చేసుకునేవాళ్ళు రాత్రికి రాత్రి సొంత కొండమీదే నేరస్థులయ్యారు. ఇప్పుడు మనమూ ముదిరాం. హెక్టారు నేలలో పదో వంతు మీద చెట్ల నీడ పడితే చాలు, మామిడి తోటైనా ఉపగ్రహాలతో తీసే జాతీయ లెక్కల్లో అటవీ విస్తీర్ణమే.

ఆ పదో వంతు మాత్రం ఎందుకు? ఉపగ్రహాల ఖర్చు మానేసి, ఐస్‌లాండ్ నుంచి ఓ నిఘంటుకారుణ్ణి పిలిపిస్తే సరిపోదూ?