ఒంటరి యాత్రికుడూ, వెంట ఐదుగురూ

హీరో వేషాలు తగ్గిన నటుడికి మూడు దారులున్నాయి: తండ్రి పాత్ర, రాజకీయం, ప్రపంచయాత్ర. మొదటిదానికి జుట్టుకు తెల్లరంగు వెయ్యాలి. రెండోదానికి నల్లరంగు. మూడోదానికి దువ్వుకోకపోతే చాలు. బ్రిటన్‌ ఈ మూడోదాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చింది కనుక, ఔత్సాహికుల కోసం నియమావళి ఇక్కడ పొందుపరుస్తున్నాం.

మూలపురుషుడు మైకేల్ పేలిన్. మాంటీ పైథాన్ అనే హాస్యబృందంలో నవ్వించుకుంటూ బతికిన మనిషి. 1988లో బీబీసీ ఆయన్ని పిలిచి, జూల్ వెర్న్ నవలలో ఫాగ్ మాదిరి విమానం ఎక్కకుండా 80 రోజుల్లో భూమి చుట్టి రమ్మంది. ముందు అనుకున్నది టీవీ యాత్రల్లో పేరుమోసిన అలన్ విక్కర్‌ని. ఆయన కాదన్నాడు. పేలిన్ కాదనలేదు. అర్హత అంటే అదే. వెంట ఐదుగురు సిబ్బంది. ఐదుగురికీ కలిపి ఫాగ్ నౌకరు పేరే పెట్టాడు: పాస్‌పర్టూ. ఒంటరితనానికి ఇది తొలి సూత్రం. తోడొచ్చినవాళ్లను ఏకవచనంలో పిలవాలి.

రెండోది ఆశ్చర్యపోవడం. ఊళ్లో తొలిసారి అడుగుపెడుతున్న యాత్రికుణ్ణి ఎదురుగా తియ్యాలంటే కెమెరామన్ ముందే ఊళ్లో దిగి ఉండాలి. యాత్రికుడు పొలిమేరలో జీపులో కూర్చుని పిలుపు కోసం చూస్తుంటాడు. తలుపు తట్టడం బయటినుంచి ఒకసారి, తియ్యడం లోపలినుంచి ఇంకోసారి. రెండోసారి ఇంటావిడ “మళ్లీ వచ్చారేం?” అందంటే ఆ షాట్ పోయినట్టే.

అప్పట్లో 16 ఎంఎం ఫిల్ము. 400 అడుగుల చుట్ట 11 నిమిషాలు వస్తుంది. నింపి ఉంచిన ఫిల్ము డబ్బాలు అయిపోతే వెలుతురు తగలకుండా నల్లసంచిలో చేతులు దూర్చి, కళ్లతో పనిలేకుండా తడుముతూ ఎక్కించుకోవాలి. మాట్లాడిస్తున్న తాతగారు అసలు సంగతి ఎత్తుకునేది సరిగ్గా పన్నెండో నిమిషంలోనే. బొంబాయి వీధిలో చూపులేని క్షురకుడి చేత పేలిన్ గడ్డం గీయించుకున్న దృశ్యం ఇప్పటికీ చెప్పుకుంటారు. ధైర్యం యాత్రికుడిదంటారు గానీ కెమెరామన్‌ది. రెండో టేకుకు గడ్డం ఉండదు కదా! అక్కణ్ణించి మద్రాసుకు రైలు. అది గుంతకల్లు, కడప, రేణిగుంట దారి. ఆ లెక్కన రాయలసీమ కూడా ప్రపంచంలోదే, కిటికీ అవతల.

సాహసంలో ఎక్కువ భాగం కాగితాలే. కార్నెట్ అనే కస్టమ్స్ పత్రంలో ప్రతి లెన్సూ, ప్రతి స్టాండూ సీరియల్ నంబరుతో ఎక్కాలి. దేశంలోకి వచ్చేటప్పుడు ఒక ముద్ర, పోయేటప్పుడు ఒక ముద్ర. ఒక్క లెన్సు లెక్క తగ్గినా అక్కడే అమ్ముకున్నారని సుంకం కట్టించుకుంటారు. ఇప్పటి కెమెరాలకు బ్యాటరీల బాధ. విడి లిథియం బ్యాటరీ చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతితో రెండే, 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. ఎవరెస్టును ఓర్చుకున్న వీరులు సెక్యూరిటీ వరసలో ఏడ్చేది ఇందుకే.

ఇక నిశ్శబ్దం. ప్రతి చోటా సంభాషణ అయ్యాక కనీసం 30 సెకన్లు ఎవరూ కదలకుండా ఉట్టి గాలిని రికార్డు చెయ్యాలి. లేకపోతే ఎడిటింగులో మాట కత్తిరించిన ప్రతిచోటా వెనక ధ్వని గుటుక్కుమంటుంది. నటుడికి ఇదే కఠినపరీక్ష. అరనిమిషం పాటు ఏమీ అనకూడదు!

మోటారుసైకిల్ శాఖ 2004లో తెరుచుకుంది. నటులు ఈవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ లండన్ నుంచి తూర్పుగా న్యూయార్క్‌కు బయల్దేరారు. ఇద్దరు స్నేహితులు, అనంతమైన దారి. ఆ ఇద్దరినీ తీస్తూ మూడో బండి మీద క్లాడియో ఫాన్ ప్లాంటా. ఆయన లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పాడు. తప్పినవాడు కెమెరా సామానుతో అదే బురదలో నడిపాడు. పోస్టరు మీద ఇద్దరే.

అనుమతులన్నీ కుదిరినా ఒక్కచోట బెడిసికొడుతుంది. పేలిన్ 79 రోజుల 7 గంటల్లో భూమి చుట్టేసి లండన్‌లో తను బయల్దేరిన రిఫార్మ్ క్లబ్బు మెట్లెక్కాడు. లోపలికి రానివ్వలేదు.