కీమోకు ముందే ఎంబ్రియాలజిస్టును పిలవాలి

భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో పాతికేళ్ల యువకుడికి వృషణ క్యాన్సర్ బయటపడితే ఇంటిల్లిపాదికీ రెండే దిగులు: ప్రాణం దక్కాలి, ఆరోగ్యశ్రీ కార్డు పనిచేయాలి. అది సహజం. కానీ ఇది చాలామందికి నయమయ్యే క్యాన్సర్. నయమయ్యాక అతనికి పెళ్లి, పిల్లలు, దశాబ్దాల జీవితం ఉన్నాయి. కీమో మందుల్లో కొన్ని వీర్యకణాల ఉత్పత్తినీ, ఆడవాళ్లలో అండాల నిల్వనూ దెబ్బతీస్తాయని ముందే చెప్పకపోవడం వైద్యంలో లోపమేనని నేను గట్టిగా నమ్ముతాను.

చెప్పాల్సింది క్యాన్సర్ వైద్యుడే. ఆ తర్వాత, కీమోకు ముందే వీర్యాన్నో అండాలనో దాచే పనిలో ఎక్కువ భాగం ఎంబ్రియాలజిస్టుది, అంటే ల్యాబులో అండాలనూ వీర్యకణాలనూ పిండాలనూ చూసుకునే నిపుణుడిది. క్యాన్సర్ వల్లే వీర్యకణాలు తగ్గిపోయి ఉండవచ్చు. అలాంటి వీర్య నమూనా చూసి పనికిరాదని పంపేయకూడదు. కదిలే కణాలు కొన్నే దొరికినా, వాటిని చిన్న భాగాలుగా చేసి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో భద్రపరచాలి. ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించే ఇక్సీ పద్ధతి 1992 నుంచీ ఉంది. కాబట్టి ఆ కొన్నింటికీ విలువ ఉంది.

అండాల పని ఇంకా సున్నితం. అండాలు ఎదగడానికి ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లకు సుమారు రెండు వారాలు పడుతుంది. నెలసరి కోసం ఆగకుండా ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు. అండంలో నీరు ఎక్కువ. నెమ్మదిగా చల్లబరిస్తే మంచు స్ఫటికాలు దాన్ని పాడుచేస్తాయి. అందుకే విట్రిఫికేషన్ అనే పద్ధతిలో, స్ఫటికాలు ఏర్పడే వీలు లేకుండా క్షణాల మీద గడ్డకట్టిస్తారు, అక్కడ చేతి నేర్పే కీలకం. దాచిన అండాలన్నీ బిడ్డలు కావన్న నిజాన్ని లెక్కతో సహా చెప్పగలిగేదీ ఆ చేయి తిరిగిన మనిషే. పెళ్లికాని అమ్మాయికి ఇవన్నీ ఎందుకని వెనకాడే తల్లిదండ్రులకు ఆ మాట నేరుగా వినిపించాలి. రజస్వల కాని ఆడపిల్లలకైతే అండాశయ కణజాలాన్ని తీసి దాచడమొక్కటే దారి.

చికిత్స కోసం హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవారు మన జిల్లాల్లో ఎందరో. వీర్యం దాచడానికి ఒక్క రోజు చాలు, హనుమకొండలో ఐవీఎఫ్ (కృత్రిమ గర్భధారణ) కేంద్రాలూ ఉన్నాయి. నమూనా గంటలోపే ల్యాబుకు చేరాలి కాబట్టి ఊళ్లో సేకరించి బస్సులో పంపితే కుదరదు. రోగే అక్కడికి రావాలి. క్యాన్సర్ నిర్ధారణైన రోజే ఎంబ్రియాలజిస్టుకు ఫోను వెళ్లే ఏర్పాటును వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి నుంచే మొదలుపెట్టవచ్చు. దాచే ఖర్చునూ, ఏటా కట్టే నిల్వ రుసుమునూ క్యాన్సర్ చికిత్సలో భాగంగానే ప్రభుత్వం భరించాలి. కీమో డబ్బు సర్దుకోలేని కుటుంబాన్ని ఈ బిల్లు కూడా కట్టమనడం అన్యాయం.