ప్లాంటు ఉంది, నీళ్లేవీ?

బళ్లో ఆర్వో ప్లాంటు పెడతారు, రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత దాని మొహం చూసేవాడుండడు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోర్లలో ఫ్లోరైడ్ సంగతి తెలియనిదెవరికి? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. ముందుండే తెల్ల ఫిల్టరు మట్టిరంగుకు తిరిగినా మార్చరు, దాని ఖరీదు వందల్లోనే. అది పూడుకుపోతే పంపుకు నీళ్లందవు. సున్నం కట్టకుండా పోసే మందు, యాంటీస్కేలెంట్, అయిపోయినా పోయరు, ఫ్లోరైడ్‌ను వడగట్టే పొర, అదే మెంబ్రేన్‌కు సున్నం పట్టేస్తుంది. అప్పుడేం చేస్తారంటే, బైపాస్ పైపేసి బోరు నీళ్లనే అదే కుళాయికి వదులుతారు! కాచి తాగమని సలహా ఒకటి. కాస్తే ఫ్లోరైడ్ పోదు సామీ, ఇంకా చిక్కబడుతుంది.

సరే, నీళ్లు బాగున్నాయనే అనుకుందాం. 200 మందికి రెండు కుళాయిలు. తలా 10 సెకన్లేసుకున్నా 17 నిమిషాలు. ఇంటర్వెల్ ఎంత? పదే. పైగా ఒకటో తరగతి పిల్లలకు ఆ కుళాయి అంది చావదు. నొక్కుడు కుళాయి స్ప్రింగు పోతే పురికొస కట్టేస్తారు, రోజంతా కారుతూనే ఉంటుంది. కుళాయి కింది తొట్టి కంతకు జాలీ ఉండదు, మధ్యాహ్నం పళ్లేలు కడిగిన మెతుకులన్నీ అందులోనే. పళ్లేలు కడగడానికి వేరే కుళాయి పెట్టించడానికి ఏం రోగం?