పదహారంగుళాల రికార్డుల్ని పడుకోబెట్టకండి

టేపు రాకముందు అమెరికా రేడియో స్టేషన్లు తమ కార్యక్రమాలు దాచుకున్నది పదహారంగుళాల డిస్కుల మీద. ఒక్కో వైపు పావుగంట. 1937లో హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ తగలబడుతుంటే రేడియో వ్యాఖ్యాత హెర్బర్ట్ మారిసన్ ఏడుపు ఆపుకోలేక చెప్పిన మాటలు ఇవాళ మనం వింటున్నామంటే అలాంటి డిస్కుల పుణ్యమే. అది లైవ్ కాదు, అక్కడికక్కడే డిస్కు మీదికెక్కింది.

ఇలాంటివి అమ్మకానికి పెట్టిన ఫోటోలు చూస్తే కడుపు మండిపోతుంది. అరలన్నీ పన్నెండంగుళాల ఎల్పీ, అంటే మామూలు పాటల రికార్డు కొలతకే ఉంటాయి. ఇవి పట్టవు. పట్టవు కాబట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి, వేడెక్కే అటక మీదో తేమ పట్టే నేలమాళిగలోనో పడేస్తారు. కొలత పెద్దదైన పాపానికి ఇంత శిక్షా?

పైకి ప్లాస్టిక్‌లా కనిపించినా చాలావాటి లోపల ఉండేది అల్యూమినియం పళ్లెం. దాని మీద నైట్రోసెల్యులోజ్ అనే రసాయనపు పూత, ఆ పూత మెత్తగా ఉండడానికి ఆముదం. అవును, మన ఆముదమే! ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె విరిగి తెల్లటి మైనపు పొడిలా బయటికొస్తుంది. దాన్ని బూజనుకుని తడిగుడ్డతో రుద్దేవాళ్లున్నారు. దయచేసి రుద్దకండి. నూనె పోయిన పూత కుంచించుకుపోతుంది, కింది లోహం కుంచించుకోదు. దాంతో పూత పగిలి పెచ్చులుగా లేస్తుంది. పెచ్చుతో పాటు అందులోని గొంతూ పోతుంది. చాలావాటికి రెండో కాపీ ఉండదు.

యుద్ధకాలంలో అల్యూమినియం దొరక్క గాజు పళ్లేలు వాడారు. వాటిని పేర్చడమంటే అడుగుదాన్ని చేతులారా పగలగొట్టడమే.

నిటారుగా నిలబెట్టండి, వాలనివ్వకండి. చల్లగా, పొడిగా, వాతావరణం మారని గదిలో ఉంచండి. ఆమ్లం లేని కవర్లు వేయండి. ఇంట్లోని టర్న్‌టేబుల్ మీద మాత్రం పెట్టకండి. పూత మెత్తన, తప్పు ముల్లు ఒక్కసారి తిరిగితే శబ్దం దాగిన గాడి చెడిపోతుంది. పైగా కొన్ని డిస్కుల్లో గాడి లోపల మొదలై బయటికి సాగుతుంది, అదీ తెలిసినవాళ్లుండాలి.

డబ్బు కొద్దిగానే ఉంటే, పేరున్న ప్రసారాల్ని ముందు కాపీ చేయించాలని అందరికీ ఉంటుంది. నేనొప్పుకోను. పూత లేస్తున్నవాటిదే మొదటి వంతు. మిగతావి ఇంకో ఏడాది ఆగగలవు, ఇవి ఆగలేవు. కాపీ అయిపోయింది కదా అని డిస్కును పారేయకండి. ముల్లు తాకించకుండా గాడిని కెమెరాతో చదివే పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి. రేపు ఇంకా మెరుగైనవి వస్తే వాటికి కావలసింది ఆ డిస్కే.