బలంగా బిగిస్తే లీకు ఆగుతుందా?

సింక్ కింద యాంగిల్ కాక్ (గోడలోంచి వచ్చే నీళ్లను కుళాయి పైపులోకి వదిలే చిన్న వాల్వ్) కారుతుంటే ఏం చేయాలో చెప్పే మెసేజ్ ఒకటి చాలా ఫోన్లలో తిరుగుతోంది. దాని సారాంశం ఇది: కొత్త సామాను అక్కర్లేదు, మెయిన్ వాల్వ్ కట్టే పనీ లేదు. నట్టు విప్పి, టెఫ్లాన్ టేపు పది చుట్లు చుట్టి, పానాతో ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగిస్తే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది, ఇక జన్మలో కారదు. ఇది నమ్మి పానా పట్టుకుంటే చిన్న లీకు కాస్తా గోడ పగలగొట్టేదాకా వెళ్లొచ్చు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

ముందు టేపు సంగతి. యాంగిల్ కాక్‌కి రెండు వైపులా మరలుంటాయి. గోడలోకి వెళ్లే వైపు మరల సందుల్లోంచే నీళ్లు వస్తాయి కాబట్టి అక్కడ టేపు కావాలి. కాక్ నుంచి కుళాయికి వెళ్లే కనెక్షన్ పైపు తగిలించే వైపు అలా కాదు. ఆ పైపు నట్టులోకి చూడండి, అడుగున చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది. కాక్ అంచు ఆ వాషర్ మీద సమంగా కూర్చుంటేనే నీళ్లు ఆగుతాయి. మరల పని నట్టును పట్టి ఉంచడమే. వాషర్ గట్టిపడి పగిలిపోయాక మరలకు టేపు చుట్టి లాభం లేదు. పైగా టేపు మందమైతే నట్టు పూర్తిగా దిగదు, వాషర్ సరిగా ఆనదు. మార్చాల్సింది వాషర్‌ని, లేదా పైపునే.

గోడ వైపు కూడా పది చుట్లు అనే లెక్క ఏమీ లేదు, అది టేపు మందాన్ని బట్టి ఉంటుంది. మరలు మీ వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. తిరగేసి చుడితే బిగిస్తున్నప్పుడు టేపు ఊడి వస్తుంది.

ఇక ఈ మెసేజ్‌లో నన్ను ఎక్కువ భయపెట్టే మాట 'బలమంతా పెట్టి'. గోడలో ఉండేది చాలాచోట్ల ప్లాస్టిక్ ఎల్బో (పైపు మలుపు దగ్గరి వంపు ముక్క), దానికి మరల కోసం లోపల ఇత్తడి ముక్క ఉంటుంది. టేపు ఎక్కువ చుట్టి బలంగా తిప్పితే ఆ ఎల్బో పగలొచ్చు. పగిలింది టైల్స్ వెనకాల కాబట్టి మీకు కనిపించదు, గోడ చెమ్మెక్కాకే తెలుస్తుంది. కనెక్షన్ పైపు నట్టును చేత్తో బిగించి, ఆ తర్వాత పానాతో పావు చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. అప్పుడు కూడా రెండో పానాతో కాక్‌ని కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే నట్టుతో పాటు కాక్ తిరిగి గోడలోని జాయింటు మీద భారం పడుతుంది. ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. కాక్‌ని గోడలోకి బిగిస్తున్నప్పుడు దాని మూతి పైకి రావాల్సింది కాస్త దాటిపోతే, 'కొంచెమే కదా' అని వెనక్కి తిప్పుతారు. టేపు ఉన్న జాయింటుని వెనక్కి తిప్పితే అక్కడే కారడం మొదలవుతుంది. విప్పి, పాత టేపు తీసేసి, మళ్లీ చుట్టాల్సిందే.

మెయిన్ కట్టనక్కర్లేదన్న మాటలో సగం నిజముంది. పైపు మాత్రమే మారుస్తుంటే, కాక్ పూర్తిగా మూసుకుంటే చాలు. కాక్ తీయాలంటే మాత్రం మెయిన్ కట్టి, సింక్ కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వాలి. వేడినీళ్ల లైనైతే గీజర్ స్విచ్ కూడా ఆపాలి. సింక్ కింద ప్లగ్గులేమైనా ఉంటే ముందే తీసేయండి.

కొత్త సామాను అక్కర్లేదా? ముందు ఎక్కడ కారుతోందో చూడాలి. అంతా పొడిగా తుడిచి ఒక్కో జాయింటుకీ టిష్యూ కాగితం చుడితే ఏది తడుస్తోందో తెలిసిపోతుంది. తిప్పే పిడి దగ్గర తడిస్తే దాని కింది నట్టును కొద్దిగా బిగిస్తే కొన్నిసార్లు ఆగుతుంది, ఖర్చు లేదు. కానీ పైపు మీది స్టీలు అల్లిక తుప్పు పట్టినా, తీగలు తెగినా, ఎక్కడైనా ఉబ్బినా పైపు మార్చేయాలి. లోపలి రబ్బరు గొట్టం నీటి ఒత్తిడికి ఉబ్బకుండా కాపాడేది ఆ అల్లికే. బ్లీచింగ్, యాసిడ్ సీసాలు సింక్ కింద పెట్టేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి, వాటి ఆవిర్లు ఆ తీగల్ని తినేస్తాయి.

అయిదు నిమిషాలంటారా, చేయి తిరిగినవాళ్లకి బిగించడానికి సరిపోతుందేమో. నీళ్లు మెల్లగా వదిలి, గంట తర్వాత ఒకసారి, మర్నాడు ఒకసారి కాగితంతో చూడకుండా పని అయిపోయిందనుకోవద్దు. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు దాదాపు 4 లీటర్లు, అదీ అలమర చెక్కలోకి.