ట్రాక్స్‌లర్ కౌంటర్ అటాక్ గారికి నల్లపావుల బాధితుడు రాయునది

మహారాజశ్రీ ట్రాక్స్‌లర్ గారికి,

నమస్కారాలు. చదరంగంలో నల్లపావులతో ఆడే ఎదురుదాడి వ్యూహం మీరు, మిమ్మల్ని నమ్ముకుని ఆడినవాణ్ణి నేను. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ, మా రాజుగారు ఐదో ఎత్తుకే ఈ7 గడిలో, నడివీధిలో నిలబడ్డారు. క్యాస్లింగ్ (రాజును ఏనుగు చాటున దాచే ఎత్తు) పోయింది. బంటు కూడా పోయింది.

టూ నైట్స్ డిఫెన్స్ అనే ఆరంభంలో తెల్ల గుర్రం జీ5కి దూకి, మన రాజు పక్కనున్న ఎఫ్7 గడి మీద కన్నేస్తే, బుద్ధిమంతులు డీ5కి బంటు తోసి తెల్ల శకటు (బిషప్) దారికి అడ్డం పెడతారు. మీరేమో ఎఫ్7 ఊసే ఎత్తరు. మన శకటును సీ5లో పెట్టి, "ముందు నీ రాజు పక్కనున్న ఎఫ్2 చూసుకో" అంటారు. ఇంట్లో దొంగ దూరుతుంటే తలుపేసుకోకుండా, దొంగ ఇంటికే కన్నం వేయడానికి బయల్దేరినట్టు!

తెల్ల గుర్రం ఎఫ్7 తిని మన మంత్రినీ ఏనుగునూ కలిపి పట్టుకుంటే మీకు పండగే. మన శకటు ఎఫ్2 మీద పడి చెక్. తెల్ల రాజు దాన్ని తింటే మన గుర్రం ఈ4కొచ్చి ఇంకో చెక్. జీ1కి పారిపోతే మన మంత్రి హెచ్4కి, ఇక ఎఫ్2లో మేట్ (ఆటకట్టు) భయం. మూలనున్న ఏనుగు ఏమైపోతే మీకేం?

1890లో బొహీమియాలోని హొస్టౌన్‌లో మీకు పేరిచ్చిన కారెల్ ట్రాక్స్‌లర్ ఇంకా దారుణం. మంత్రిని వదిలేసి, తెల్ల రాజును బోర్డంతా ఈడ్చి, 17వ ఎత్తులో బంటుతో మేట్ చేశారు. ఒక చెంప కొడితే రెండోది చూపించమని చెప్పాల్సిన క్యాథలిక్ ఫాదర్ ఆయన!

ఆ ఆట చూసి మతి పోయింది. తెల్లవాళ్లు ఎఫ్7ను గుర్రంతో తినే దారి 20 రోజులు కంఠస్థం చేశాను. శకటుతో తినే దారి చదువుతుంటే నిద్రొచ్చింది, మానేశాను.

మొన్నటి టోర్నమెంట్‌లో ఎదురుగా ఎనిమిదేళ్ల పిల్లాడు. కాళ్లు నేలకి అందవు, ఎడమ చేతిలో మురుకు. నేను శకటును సీ5లో పెట్టి, ఏదో తప్పు చేసినట్టు నుదురు కూడా కొట్టుకున్నాను. వాడి చెయ్యి గుర్రం వైపు వెళ్లింది. నాకు ఊపిరాడలేదు. ఆ చెయ్యి పక్కకు జరిగి, శకటుతో ఎఫ్7 బంటు తినేసి, "చెక్ అంకుల్" అంది. మురుకు కరకరలాడింది. చదరంగం ఆడే కంప్యూటర్ ఇంజిన్లు కూడా ఈ ఎత్తుకే ఓటేస్తాయని ఇంటికొచ్చాక తెలిసింది.

ఆ శకటు మళ్లీ బీ3కి వెళ్లిపోతే నేనేం చెయ్యాలో తిరుగు టపాలో రాయగలరు. వచ్చే ఆదివారం లోపు అందితే మేలు. నల్లపావులు వస్తే మళ్లీ మిమ్మల్నే ఆడతాను మరి.

ఇట్లు,
ఈ7 గడి నుంచి
మీ విధేయుడు