ట్రోజన్ అన్నంత మాత్రాన డిలీట్ నొక్కాలా?

2010 ఏప్రిల్ 21న ఎన్నో దేశాల్లో ఆఫీసుల్లోని విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు ఉన్నట్టుండి ఆగిపోయి, వాటంతట అవే రీస్టార్ట్ అయి, మళ్ళీ ఆగిపోవడం మొదలుపెట్టాయి. నెట్‌వర్క్ కూడా పోయింది. హ్యాకర్ల పనేమో అనిపించేలా ఉంది. తీరా చూస్తే కారణం యాంటీవైరస్. మెకాఫీ ఆ రోజు పంపిన 5958 నంబరు అప్‌డేట్, విండోస్‌కు ప్రాణం లాంటి ఎస్‌వీసీహోస్ట్ ఫైలును వైరస్‌గా పొరబడి పట్టేసుకుంది. అంతకు దాదాపు ఏడాదిన్నర ముందు, 2008 నవంబరులో, ఏవీజీ అనే మరో యాంటీవైరస్ కూడా యూజర్32 అనే సిస్టమ్ ఫైలును ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్‌లా నటించే దొంగ ప్రోగ్రామ్) అని చూపించింది. ఆ మాట నమ్మి ఫైలు తీసేసినవాళ్ళ విండోస్ మళ్ళీ తెరుచుకోలేదు.

యాంటీవైరస్‌ను నమ్మొద్దని చెప్పడానికి ఈ పాత సంగతులు తవ్వడం లేదు. ఇప్పటికీ తెర మీద ‘ట్రోజన్’ అన్న మాట కనబడగానే మనకు తెలిసిన దారులు రెండే: గబగబా డిలీట్ నొక్కడం, లేకపోతే షాపుకు తీసుకెళ్ళి ఫార్మాట్ కొట్టించడం. ఆ ఫైలు ఏమిటి, ఎలా వచ్చింది, వచ్చి ఏం పట్టుకెళ్ళింది అని అడిగేవాళ్ళు తక్కువ. ఆ మూడింటికీ జవాబు వెతక్కుండా ఫైలు తీసేయడం సగం పని కూడా కాదని నా అభిప్రాయం.

ముందు ఆ ఫైలు ఏమిటో చూద్దాం. ట్రోజన్ మామూలు వైరస్‌లా తనంతట తాను పాకదు. పనికొచ్చే వస్తువులా కనబడి మన చేతే తలుపు తీయిస్తుంది. అందుకే దాని పేరు చూసి ఏదీ తేల్చలేం. ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మధ్యలో రెండక్షరాలు అటూ ఇటూ మార్చి ఎస్‌సీవీహోస్ట్ అని పెట్టినా చూసే కన్ను గబుక్కున పట్టుకోదు. పేరు కంటే చిరునామా ముఖ్యం. టాస్క్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి, ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో తెరిపించండి. అసలుది విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో ఉంటుంది. అదే పేరుతో యాప్‌డేటాలోనో టెంప్‌లోనో కూర్చుని ఉంటే అనుమానం బలపడినట్టే.

తర్వాత డిజిటల్ సంతకం, అంటే ఫైలు ఏ కంపెనీదో చెప్పే ముద్ర. ఇది లేనంత మాత్రాన దోషి అనడానికి లేదు. చిన్న డెవలపర్లు చాలామంది సంతకం కొనుక్కోలేరు. ఉన్నంత మాత్రాన నిర్దోషి అనడానికీ లేదు. 2017లో, కంప్యూటర్‌లోని చెత్త ఫైళ్ళు తుడిచే సీక్లీనర్ 5.33 వెర్షన్‌లో కంపెనీకి తెలియకుండా దొంగ కోడ్ చేరింది. దాని మీద కంపెనీ సొంత సంతకమే ఉంది. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి అది దర్జాగా వెళ్ళింది.

ఇంకా తేలకపోతే వైరస్‌టోటల్ ఉంది. 2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఈ ఉచిత సేవ ఒకే ఫైలును 70 దాకా యాంటీవైరస్‌లతో చూపిస్తుంది. ఒకటి రెండు మాత్రమే దాన్ని ‘జెనరిక్’ అని చెబితే, అది పోలికను బట్టి వేసిన ఊహ కావచ్చు. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఇచ్చే పేరు చివర ‘ఎంఎల్’ అని ఉంటే అది మెషీన్ లెర్నింగ్ అంచనా. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. అక్కడికి ఎక్కించిన ఫైలు ఇతర భద్రతా సంస్థలకూ అందుతుంది. ఆధార్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు ఎక్కించకండి. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశం ఇస్తే 64 అక్షరాల వేలిముద్ర లాంటిది వస్తుంది. దాన్ని వైరస్‌టోటల్‌లో వెతికితే చాలు, ఫైలు గడప దాటదు.

ఎలా వచ్చింది అన్నదే మన దగ్గర ఎవరూ మాట్లాడని ప్రశ్న. ఏ చిన్న పట్నంలోనైనా డీటీపీ షాపులోనో నెట్ సెంటర్‌లోనో కాసేపు కూర్చోండి. విండోస్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టిన కాపీ), ఆఫీస్ క్రాక్, పేజ్‌మేకర్ క్రాక్, చివరికి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు కూడా క్రాకే. వాటిని వేసే పద్ధతిలో మొదటి మెట్టు ఎప్పుడూ ఒకటే: ‘యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చెయ్యండి’. క్రాక్‌లను యాంటీవైరస్ ఎలాగూ పట్టుకుంటుంది. లైసెన్సు కొనకుండానే విండోస్‌ను, ఆఫీస్‌ను పనిచేయించే ఆటోకేఎంఎస్ అనే యాక్టివేటర్‌ను డిఫెండర్ ‘హ్యాక్‌టూల్’ అనే వర్గంలో పెడుతుంది. అందుకని ‘అది అలాగే అంటుందిలే’ అనుకోవడం అలవాటైపోయింది. ట్రోజన్ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? నెలకు పది పదిహేను వేలు మిగిలే షాపుకు ఆ సాఫ్ట్‌వేర్ ధరలు భారమని నాకు తెలుసు, ఆ షాపువాళ్ళను దొంగలనడం నాకు ఇష్టం లేదు. కానీ అదే కంప్యూటర్‌లో ఊరందరి ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, పిల్లల మార్కుల మెమోలు ఉంటాయి. పోయేవి తమవి కాదు, నమ్మి ఇచ్చినవాళ్ళవి. నా బాధ అదే.

ఇక తీసేయడం. మొదట నెట్ ఆపాలి. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు సైటు తెరవకూడదు. తర్వాత డిఫెండర్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. ఇది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. నడుస్తున్న ట్రోజన్ తనను తాను కాపాడుకోగలదు, నిద్రలో ఉన్నది ఆ పని చేయలేదు. దొరికినదాన్ని వెంటనే డిలీట్ చేసే బదులు క్వారంటైన్‌లో, అంటే నడవకుండా విడిగా బంధించి ఉంచితే, మెకాఫీ నాటి లాంటి పొరపాటు జరిగినా వెనక్కి తెచ్చుకోవచ్చు.

అక్కడితో అయిపోతే బాగుండేది. పొలంలో తుంగను పైపైన కోసిన రైతుకు తెలుసు, గడ్డ నేలలో ఉన్నంతకాలం అది మళ్ళీ లేస్తుందని. ట్రోజన్ గడ్డలు స్టార్టప్ జాబితాలో, షెడ్యూల్డ్ టాస్క్‌లలో, సర్వీసుల్లో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ వాటన్నిటినీ ఒకేచోట చూపిస్తుంది. రోజూ స్కాన్‌లో దొరికి, రోజూ తీసేసినా మర్నాడు ప్రత్యక్షమయ్యే ఫైలు కథ చాలాసార్లు ఇక్కడే తేలుతుంది.

మరి ఫార్మాట్? బయటివాడు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే రకం ట్రోజన్ అయితే కొత్తగా విండోస్ వేసుకోవడమే సరైన మందు. అందులో నాకు సందేహం లేదు. ప్రతి జ్వరానికీ అదే మందు వాడటం మాత్రం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే. ఒక షాపులో నా కళ్ళముందే ఒకావిడ పెన్‌డ్రైవ్‌ను ‘షార్ట్‌కట్ వైరస్’ అని ఫార్మాట్ చేసేశారు. చనిపోయిన తండ్రి ఫొటోలు అందులోనే ఉన్నాయని ఆవిడ తర్వాత చెప్పింది. షార్ట్‌కట్ వైరస్ సాధారణంగా ఫైళ్ళను చెరపదు, దాచిపెట్టి వాటి స్థానంలో షార్ట్‌కట్లు ఉంచుతుంది. యాట్రిబ్ అనే పాత ఆదేశం ఒక్కటి ఇస్తే అవి చాలావరకు బయటపడతాయి. ఆ నిమిషంలో నేనూ అడ్డుపడలేదు, అది నన్ను ఇంకా వదల్లేదు.

ఫార్మాట్ చేసినా తిరిగిరానివి పాస్‌వర్డ్‌లు. ఇప్పటి దొంగ ట్రోజన్లు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలనూ (మనం ఇప్పటికే లాగిన్ అయ్యామని సైటుకు చెప్పే చిన్న గుర్తులు) ఎత్తుకుపోతాయి. కుకీ చేతికొస్తే చాలా సైట్లలో ఓటీపీ కూడా అడగదు. కాబట్టి మరో శుభ్రమైన పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల్లోంచీ లాగౌట్ చేయాలి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఇంత భారం మామూలు మనిషి మీద వేయడం న్యాయమేనా అని అడిగితే, కాదు. 2000 మే 4న మనీలా నుంచి మొదలై, ఈమెయిల్‌లో ప్రేమలేఖలా వచ్చిన ‘ఐ లవ్ యూ’ వైరస్ గుర్తుందా? ఆ ఫైలు పేరు చివర వీబీఎస్ అని ఉంది, అంటే అది ప్రోగ్రామ్. విండోస్ ఆ చివరి ముక్కను దాచి, దాని ముందున్న టీఎక్స్‌టీని మాత్రమే చూపించింది. జనం అక్షరాల కాగితం అనుకుని తెరిచారు. విండోస్ 11లో కూడా ఎక్స్‌టెన్షన్లు అనే ఈ చివరి ముక్కలు మొదటినుంచీ దాచే ఉంటాయి. తెరిచేది కాగితమో ప్రోగ్రామో చెప్పే ఆ మూడక్షరాలను చూపించడానికి మైక్రోసాఫ్ట్‌కు ఇంకెన్నేళ్ళు కావాలి? ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’. మా బంధువుల ఇళ్ళలో నా చేతికొచ్చిన ప్రతి కంప్యూటర్‌లోనూ ముందు ఆ టిక్కు పెట్టాకే మిగతా పని మొదలుపెడుతున్నాను.